గదిలోని నిశ్శబ్దానికి కొలత: సాబిన్ ప్రయోగం నుంచి 2005 తీర్పు దాకా

(సిలబస్: జనరల్ స్టడీస్ పేపర్-2 ప్రాథమిక హక్కులు, పేపర్-3 పర్యావరణం, శాస్త్ర సాంకేతికాలు, వ్యాస పత్రానికీ పనికొస్తుంది)



శబ్ద కాలుష్యం అనగానే మనందరి నోట్సులోనూ ఒకే పట్టిక ఉంటుంది. పారిశ్రామిక ప్రాంతం పగలు 75, వాణిజ్య ప్రాంతం 65, నివాస ప్రాంతం 55, నిశ్శబ్ద మండలం 50. ఢిల్లీలో అద్దెగది తీసుకునేదాకా నాకూ అంతవరకే తెలుసు.

ఆ గది మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. వీధి వైపు ఒక కిటికీ. పక్కగదికీ నాకూ మధ్య ఉన్నది ప్లైవుడ్ అడ్డం. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆకాశవాణి ఇంగ్లిష్ వార్తలు వినడం నా అలవాటు. పెళ్లిళ్ల రోజులు మొదలయ్యాక ఆ వేళకే కింద వీధిలో బరాత్ వచ్చేది. బ్యాండు మోతలో వార్తలు వినపడక వాల్యూం పెంచేవాణ్ని. అప్పుడు పక్కగది మిత్రుడు ప్లైవుడ్ మీద తట్టేవాడు. బ్యాండు నాకు రొద అయితే నా వార్తలు అతనికి రొద. ఆ తట్టుడు విన్నప్పుడే ఈ విషయం చదవాలనిపించింది.

ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఒకటి వేసుకుని నాలుగు రోజులు చూశాను. తెల్లవారుజామున రెండింటికి ఫ్యాన్ ఆపితే 36 చూపింది. ఫ్యాన్ వేస్తే 47. బరాత్ వెళ్తున్నప్పుడు 68. ఫోన్ మైకు ప్రామాణిక మాపకం కాదు కాబట్టి ఈ అంకెల్ని సాక్ష్యంగా తీసుకోవద్దు. కానీ ఒక సంగతి మాత్రం తేలింది. నివాస ప్రాంతానికి రాత్రి పరిమితి 45. నా ఫ్యానే ఆ అంకె దాటుతోంది. ఇక ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?

గదిలో వినికిడిని కొలవడం ఎలా మొదలైంది, ఆ కొలత మన చట్టంలోకి ఎలా వచ్చింది, ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయింది అన్నదే ఈ వ్యాసం.

1. సమస్య ఒకటి కాదు, రెండు

ఒక గదిలో మాట సరిగా వినపడకపోతే కారణాలు రెండు ఉండొచ్చు.

మొదటిది నేపథ్య శబ్దం. వీధి, ఫ్యాను, పంపు మోటారు, పక్కింటి టీవీ అన్నీ కలిసి గదిలో ఎప్పుడూ ఉండే రొద ఇది. మనం వినదలచిన మాట ఈ రొద కంటే తగినంత పైన ఉండాలి. మాట పూర్తిగా అర్థం కావాలంటే రొద కంటే దాదాపు 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

రెండోది ప్రతినాదం. బోసి గోడలున్న ఖాళీ గదిలో మాట్లాడితే, నోటి నుంచి వచ్చిన అక్షరం గోడలకు తగిలి తిరిగి తిరిగి వినిపిస్తుంది. అది చల్లారేలోపే తర్వాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది. అప్పుడు బయట ఎంత నిశ్శబ్దంగా ఉన్నా లోపల మాట అలికినట్టే ఉంటుంది.

మొదటిది వీధి సమస్య, రెండోది గోడల సమస్య. చరిత్రలో ముందు కొలతకు లొంగింది రెండోది. మన చట్టం పట్టుకున్నది మొదటిదాన్ని మాత్రమే.

2. సాబిన్: తెరిచిన కిటికీయే కొలమానం

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరం పనికిరాకుండా పోయింది. వక్త మాట ఐదు సెకన్లకు పైగా గదిలో తిరుగుతూనే ఉండేది. దాన్ని బాగు చేసే పని వాలెస్ క్లెమెంట్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడికి అప్పగించారు.

ఆయన దగ్గరున్న పరికరాలు చాలా మామూలువి. ఒక ఆర్గన్ గొట్టం, కాలం నమోదు చేసే యంత్రం, తన చెవి. గొట్టం ఊది ఆపి, ధ్వని పూర్తిగా వినపడకుండా పోవడానికి పట్టిన కాలం కొలిచేవాడు. వీధి సందడి అడ్డురాకుండా ఈ పనంతా అర్ధరాత్రి దాటాక చేసేవాడు. అంటే ప్రతినాదం కొలవాలన్నా ముందు నేపథ్య శబ్దం తగ్గాల్సిందే. దగ్గర్లోని సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు తెచ్చి గదిలో పరిచి కొలిచి, తెల్లారేలోపు తిరిగి పెట్టించేవాడు.

మెత్తలు పెరిగేకొద్దీ ప్రతినాద కాలం తగ్గింది. 1898 నాటికి ఆయనకు సూత్రం దొరికింది. నేటి రూపంలో అది ఇలా ఉంటుంది: ప్రతినాద కాలం (సెకన్లలో) = 0.161 × గది ఘనపరిమాణం ÷ గదిలోని మొత్తం శోషణ. ధ్వని 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలాన్ని ఇప్పుడు ప్రతినాద కాలం అంటాం. ఈ సూత్రం ఆధారంగా రూపొందిన బోస్టన్ సింఫనీ హాల్ 1900లో ప్రారంభమైంది.

శోషణను కొలవడానికి సాబిన్ ఎంచుకున్న ప్రమాణం తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు కాబట్టి దాన్ని నూటికి నూరు శాతం శోషణగా లెక్కేశాడు. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ అంటే ఒక ప్రమాణం. మన ఇళ్ల సంగతి అర్థం కావడానికి ఈ కిటికీని గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

3. డెసిబెల్ పుట్టుక

నేపథ్య శబ్దాన్ని కొలిచే సాధనం టెలిఫోన్ పరిశ్రమ నుంచి వచ్చింది. తీగల మీద మాట ఎంత బలహీనపడుతోందో లెక్కకట్టడానికి అమెరికాలోని బెల్ సంస్థ ఇంజినీర్లు 1920లలో ఒక ప్రమాణం వాడారు. 1928లో దానికి టెలిఫోన్ ఆవిష్కర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద డెసిబెల్ అని పేరు పెట్టారు. ఇది సంవర్గమాన ప్రమాణం. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పది రెట్లవుతుంది, చెవికి మాత్రం దాదాపు రెండు రెట్లుగా తోస్తుంది. అందుకే 55కూ 65కూ తేడా చూడ్డానికి చిన్నదే, వినడానికి పెద్దది.

1929లో న్యూయార్క్ నగరం శబ్ద నివారణ కమిషన్ వేసి వీధుల్లో శబ్దం కొలిపించింది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు మనిషి చెవి అన్ని పౌనఃపున్యాలనూ ఒకేలా వినదని కొలిచి చూపారు. బొంగురు ధ్వనుల పట్ల, అంటే తక్కువ పౌనఃపున్యాల పట్ల, చెవి మందకొడి. దాన్ని లెక్కలోకి తీసుకుని మాపకానికి పెట్టిన సర్దుబాటే 'ఎ' తూకం. మన నియమాల్లో డెసిబెల్ పక్కన బ్రాకెట్లో కనిపించే 'ఎ' అదే.

దీనిలో ఒక చిక్కు ఉంది. 'ఎ' తూకం తక్కువ పౌనఃపున్యాలను తగ్గించి చూపుతుంది. డీజే పెట్టెల దడదడ ఎక్కువగా ఆ కోవలోదే. ఇటుక గోడలు కూడా సన్నని కీచుధ్వనిని ఆపినంతగా ఆ దడదడను ఆపలేవు. అంటే మాపకం తక్కువ చూపించే ధ్వనే గోడ దాటి ఎక్కువగా లోపలికి వస్తుంది.

4. మన దేశంలో: కట్టడాలు, రామన్

గోల్కొండ కోట ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపించడం మనలో చాలామంది చూసినదే. బిజాపూర్‌లో మహమ్మద్ ఆదిల్ షా సమాధి గోల్ గుంబజ్ 1656లో పూర్తయింది. దాని గుసగుసల వరండాలో ఒక చివర మెల్లగా అన్న మాట ఎదురు చివర వినపడుతుంది. 1770 కరువు తర్వాత ధాన్యం నిల్వకు 1786లో పట్నాలో కట్టిన గోల్‌ఘర్ లోపల ఉద్దేశం లేకుండానే గొప్ప ప్రతిధ్వని పుట్టింది.

వీటిని అబ్బురంగా చూడడం దగ్గర ఆగకుండా శాస్త్రంగా పరిశీలించినవాడు సి.వి. రామన్. నోబెల్ తెచ్చిన కాంతి పరిశోధనకు ముందు కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ఆయన ముఖ్య విషయం ధ్వనే. 1918లో వయొలిన్ తీగల కంపనాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. మృదంగం, తబలా మామూలు డోళ్లలా కాకుండా తీగ వాద్యాల్లా శ్రుతిబద్ధమైన అనుస్వరాలు పలుకుతాయని, దానికి మూల కారణం మధ్యలో వేసే నల్లని కరణి అని శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో చూపాడు. 1921లో లండన్ వెళ్లినప్పుడు సెయింట్ పాల్స్ చర్చి గుసగుసల వరండాను పరీక్షించాడు. తిరిగి వచ్చాక గోల్ గుంబజ్ వంటి మన కట్టడాల మీదా అదే పని సాగించాడు.

పరీక్ష కోణంలో ఇది రామన్ జీవితంలోని చిన్న వాస్తవం. చరిత్ర కోణంలో దీని అర్థం వేరు. మన దేశంలో ధ్వనిశాస్త్రం వాద్యాల, గుమ్మటాల శాస్త్రంగా మొదలైంది. మామూలు మనిషి ఇంటి గది దాని పరిధిలోకి రావడానికి చాలా కాలం పట్టింది.

5. రేడియో వచ్చింది, వినే గది రాలేదు

1927 జులై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రాన్ని వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించాడు. 1936 జూన్‌లో సంస్థకు ఆల్ ఇండియా రేడియో అనే పేరు వచ్చింది. పలికే చోట స్టూడియో గోడలకు మెత్తని తొడుగులు వేశారు, రెండేసి తలుపులు పెట్టారు, ఎర్రదీపం వెలిగితే కాలి చప్పుడు కూడా నిషేధం. వినే చోట అలాంటి ఏర్పాటేదీ లేదు.

ఐరోపాలో, అమెరికాలో రేడియో ఇంటి ముందుగది వస్తువు అయింది. ఆ గదిలో తివాచీ, సోఫా, తెరలు ఉంటాయి కాబట్టి ప్రతినాదం దానంతట అదే తగ్గుతుంది. మన దగ్గర చాలా ఏళ్లు రేడియో అంటే పంచాయతీ ఆఫీసు అరుగు, టీ దుకాణం, గ్రంథాలయం. 1956లో యునెస్కో సాయంతో పూణే ప్రాంతంలోని 150 గ్రామాల్లో జరిగిన రేడియో రూరల్ ఫోరం ప్రయోగంలో కూడా జనం గుంపుగా కూర్చునే విన్నారు. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో ఇంట్లోకి, పొలంలోకి, చివరికి దిండు పక్కకి చేరింది. నలుగురితో వినే అలవాటు ఒక్కడు వినే అలవాటుగా మారింది. కానీ గది మారలేదు. అదే సున్నపు గోడ, అదే గచ్చు, అదే తెరిచిన కిటికీ.

అదే కాలంలో లౌడ్‌స్పీకర్ కూడా ఊరూరా స్థిరపడింది. స్వాతంత్య్రోద్యమ సభల్లో వేలమందికి నాయకుల మాట వినిపించిన పరికరమే తర్వాత పెళ్లి పందిరికీ, గుడికీ, మసీదుకీ, చర్చికీ, ఎన్నికల జీపుకూ ఎక్కింది. ఒకడు ఎంచుకుని వినే గొంతు, ఎంచుకోనివాడి మీద పడే గొంతు రెండూ ఒకే శతాబ్దంలో మన ఇళ్లకు చేరాయి.

6. ప్రమాణాలు: కాగితం మీద ముందే ఉన్నాయి

స్వతంత్ర భారతంలో కొలతల బాధ్యత తీసుకున్నది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. 1947 జనవరిలో దానికి శంకుస్థాపన జరిగింది, 1950లో ప్రారంభమైంది. తొలి డైరెక్టర్ కె.ఎస్. కృష్ణన్, రామన్ సహచరుడే. నగరాల్లో శబ్ద సర్వేలు, హాళ్ల ధ్వని పరీక్షలు ఈ సంస్థ పనుల్లో భాగమయ్యాయి.

భారత ప్రమాణాల సంస్థ కూడా త్వరగానే కదిలింది. భవనాల్లో శబ్ద నిరోధం మీద ఐఎస్ 1950 (1962), ఆడిటోరియంల ధ్వని రూపకల్పన మీద ఐఎస్ 2526 (1963), పట్టణ ప్రణాళికలో శబ్ద నివారణ మీద ఐఎస్ 4954 (1968) వచ్చాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళిలోనూ ధ్వనికి ప్రత్యేక విభాగం ఉంది.

గమనించండి: 1968 నాటికే పడకగది ఎంత నిశ్శబ్దంగా ఉండాలో రాసిపెట్టుకున్న దేశం మనది. కానీ ఇవి చాలావరకు సిఫార్సులు. సినిమా హాలు కట్టేవాడు వాటిని చూస్తాడు, ఎందుకంటే మాట వినపడకపోతే టికెట్ అమ్ముడుపోదు. అద్దెగదులు కట్టేవాడికి ఆ భయం లేదు. గది ఎలా ఉన్నా అద్దె వస్తుంది.

7. చట్టం: న్యూసెన్స్ నుంచి డెసిబెల్‌కు

1860 నాటి భారత శిక్షాస్మృతిలో శబ్దం అనేది ప్రజా ఉపద్రవం (సెక్షన్ 268, 290) కింద ఒక రకం మాత్రమే. దానికి అంకె లేదు. ఇబ్బంది కలిగిందా లేదా అన్నది మేజిస్ట్రేటు నిర్ణయం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 270, 292 సెక్షన్లయ్యాయి.

అంకెలు వచ్చిన క్రమం ఇది:

- 1981: వాయు కాలుష్య నివారణ చట్టం. మొదట ఇందులో శబ్దం లేదు.
- 1986: పర్యావరణ పరిరక్షణ చట్టం.
- 1987: వాయు చట్ట సవరణతో 'వాయు కాలుష్యకం' నిర్వచనంలో శబ్దం చేరింది.
- 1989: పరిసర శబ్ద ప్రమాణాల నోటిఫికేషన్.
- 2000 ఫిబ్రవరి 14: శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నియమాలు.
- 2010: సవరణ. ప్రైవేటు స్థలంలో వాడే సౌండ్ సిస్టం శబ్దం ఆ స్థలం అంచున పరిసర ప్రమాణం కంటే 5 డెసిబెల్స్‌కు మించకూడదు.
- 2011: జాతీయ పరిసర శబ్ద పర్యవేక్షణ వ్యవస్థ. హైదరాబాద్ సహా 7 నగరాల్లో 35 కేంద్రాలతో మొదలై 70 కేంద్రాలకు పెరిగింది.

నియమాల ప్రకారం పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఆ లెక్కన నా తొమ్మిది గంటల వార్తలు పగటిపూట వార్తలే. నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45. ఇవి ఒక్క క్షణం విలువలు కావు, కాలవ్యవధి మొత్తానికి శక్తి పరంగా సగటు. పది నిమిషాల బరాత్ మోత పదహారు గంటల సగటులో చాలావరకు కరిగిపోతుంది. వినేవాడికి మాత్రం పోయింది ఆ పది నిమిషాలే, ఆ వార్తలే.

8. కోర్టులు: వినకుండా ఉండే హక్కు

ఈ విషయంలో చట్టసభల కంటే కోర్టులు స్పష్టంగా మాట్లాడాయి.

1993లో పి.ఎ. జాకబ్ కేసులో కేరళ హైకోర్టు, మాట్లాడే హక్కులో లౌడ్‌స్పీకర్ వాడే హక్కు కలిసి లేదని తేల్చింది. ఇష్టం లేనివాణ్ని బలవంతపు శ్రోతను చేయకూడదన్నది. 1996లో ఓం బీరంగన రెలిజియస్ సొసైటీ కేసులో కలకత్తా హైకోర్టు అదే వాదాన్ని ముందుకు తీసుకెళ్లి మైకులపై ఆంక్షలు పెట్టింది. 2000లో చర్చ్ ఆఫ్ గాడ్ వర్సెస్ కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ కేసు మద్రాసు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి, మైకులు పెట్టి ప్రార్థన చేయాలని ఏ మతమూ చెప్పదని కోర్టు అభిప్రాయపడింది.

2005 జులై 18న జస్టిస్ ఆర్.సి. లాహోటీ, జస్టిస్ అశోక్ భాన్‌ల ధర్మాసనం ఇచ్చిన 'ఇన్ రీ: నాయిస్ పొల్యూషన్' తీర్పు అన్నిటికీ కేంద్రం. అనిల్ మిత్తల్ అనే ఇంజినీరు వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం అది. దాని వెనుక కారణం గుర్తుంచుకోవాలి. పదమూడేళ్ల బాలిక మీద అత్యాచారం జరుగుతుండగా ఆమె సాయం కోసం వేసిన కేకలు ఇరుగుపొరుగులో మోగుతున్న లౌడ్‌స్పీకర్ సంగీతంలో ఎవరికీ వినపడలేదు. తర్వాత ఆ బాలిక నిప్పంటించుకుని ప్రాణాలు తీసుకుంది.

మనం ఇందాకటి నుంచి నేపథ్య శబ్దం, 15 డెసిబెల్స్ తేడా అని చెప్పుకుంటున్నది ఇదే. మాట రొద కంటే పైకి రాకపోతే అది లేనట్టే. నా విషయంలో పోయింది ఒక పూట వార్తలు. అక్కడ పోయింది ఒక ప్రాణం. శబ్ద కాలుష్యాన్ని నిద్ర చెడడం, చిరాకు అనే స్థాయిలోనే రాసి వదిలేయకండి. అది మనిషి పిలుపును కూడా కప్పేస్తుంది.

ప్రశాంతంగా బతికే హక్కు 21వ అధికరణలో భాగమని, 19(1)(ఎ)ని చూపించి లౌడ్‌స్పీకర్‌తో ఇతరుల ఇళ్లలోకి శబ్దం పంపే హక్కు ఎవరికీ లేదని తీర్పు చెప్పింది. మాట్లాడే హక్కు ఉన్నవాడికి ఎంత ఉందో, వినకుండా ఉండే హక్కు ఎదుటివాడికీ అంత ఉందన్నది దాని సారం.

9. పొరుగు దేశాలు

దక్షిణాసియాలో ఇది మన ఒక్కరి సమస్య కాదు. శ్రీలంక 1996లో శబ్ద నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 2007లో అక్కడి సుప్రీంకోర్టు లౌడ్‌స్పీకర్ల కేసులో దాదాపు మన కోర్టు దారిలోనే నడిచి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆంక్షలు పెట్టింది. బంగ్లాదేశ్ 2006లో శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు చేసింది. అక్కడ కూడా నివాస ప్రాంతానికి 55, 45 అంకెలే.

2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం నివేదికలో ఢాకా 119, మొరాదాబాద్ 114 డెసిబెల్స్ అని వచ్చి పెద్ద చర్చ జరిగింది. చాలామంది ఆ అంకెల్ని 55 పక్కన పెట్టి రెండు రెట్లు అని రాశారు. అలా రాయకండి. డెసిబెల్స్‌ను మామూలు అంకెల్లా భాగించలేం. పైగా ఎక్కడ, ఎంతసేపు కొలిచారో చెప్పని అంకెను పగటి సగటుతో పోల్చలేం.

10. కొలత గుమ్మం దగ్గర ఆగింది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన నియమాల్లోని అంకెలన్నీ పరిసర శబ్దానికి సంబంధించినవి. అంటే ఆరుబయట, స్థలం సరిహద్దు దగ్గర కొలిచేవి. గది లోపలికి అవి రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాలు పడకగది లోపల 30, తరగతి గది లోపల 35 డెసిబెల్స్ అని చెబుతాయి. బయట 45కు, లోపల 30కి మధ్య 15 డెసిబెల్స్ తేడా ఉంది. కిటికీ కొంచెం తెరిచి ఉంచినా గోడ ఆ పని చేస్తుందని ఆ లెక్క నమ్ముతుంది. మన వేసవిలో కిటికీ బార్లా తెరిచే ఉంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంది.

నా గది మీద సాబిన్ సూత్రం వేసి చూశాను. ఎత్తు కూడా మూడు మీటర్లు అనుకుంటే ఘనపరిమాణం 27 ఘనపు మీటర్లు, ఉపరితలం 54 చదరపు మీటర్లు. సిమెంటు గోడ, గచ్చు తమకు తగిలిన ధ్వనిలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటాయనుకుంటే:

- ఖాళీ గది, కిటికీ మూసి: శోషణ 1.62, ప్రతినాద కాలం దాదాపు 2.7 సెకన్లు.
- ఒక చదరపు మీటరు కిటికీ తెరిస్తే: శోషణ 2.62, కాలం దాదాపు 1.7 సెకన్లు.
- కిటికీ మూసి, పరుపు, దుప్పట్లు, బట్టలు, మనిషి కలిపి 4 ప్రమాణాలు చేరిస్తే: శోషణ 5.62, కాలం దాదాపు 0.8 సెకను.

ఒక్క కిటికీ తెరవడం వల్ల ప్రతినాదం బాగా తగ్గింది. సాబిన్ చెప్పింది నిజమే. కానీ ఆ కిటికీలోంచే బరాత్ లోపలికి వస్తుంది. మూస్తే మాట మాట మీద పడుతుంది, ఉక్కపోస్తుంది. తెరిస్తే మాట మునిగిపోతుంది. మందపాటి తెరలు, రెండు పొరల అద్దాల కిటికీ, ఏసీ ఉన్నవాడికి ఈ ఇరకాటం లేదు. అతని గది లోపల నిశ్శబ్దం కొనుక్కున్నది. కిటికీయే గాలి ఆధారమైనవాడికి 21వ అధికరణ ఇచ్చిన ప్రశాంతత వీధి దయ మీద ఆధారపడి ఉంటుంది.

నీటి నాణ్యతను చెరువు దగ్గరే కాదు, కుళాయి దగ్గర కూడా పరీక్షించాలని మనం ఒప్పుకున్నాం. శబ్దం విషయంలో మాత్రం ఇంకా చెరువు దగ్గరే ఉన్నాం.

11. ఏం చేయవచ్చు

- పాఠశాలలు, హాస్టళ్లు, ఆసుపత్రులు, అద్దెకిచ్చే గదుల భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు భవన నియమావళిలోని ధ్వని నిబంధనలను తప్పనిసరి చేయాలి. గదుల మధ్య ప్లైవుడ్ అడ్డాలకు అనుమతి ఉండకూడదు.
- సగటుతో పాటు కొద్ది నిమిషాల గరిష్ఠ శబ్దాన్నీ, తక్కువ పౌనఃపున్యాల దడదడనూ విడిగా నమోదు చేయాలి.
- పోలీసు స్టేషన్లలో పరీక్షించి ధ్రువీకరించిన శబ్ద మాపకాలు, వాటిని వాడడం వచ్చిన సిబ్బంది ఉండాలి. కొలత లేని ఫిర్యాదు మాటకు మాటగానే మిగిలిపోతుంది.
- ఫిర్యాదు చేసినవాడి గదిలో, కిటికీ తెరిచి కూడా కొలిచే పద్ధతి రావాలి.

ముగింపు

సాబిన్‌కు ముందు హాలు బాగాలేదంటే అది ఒకరి అభిప్రాయం. ఆయన తర్వాత అది ఒక అంకె. 1989కి ముందు మన దేశంలో రొద అంటే ఒకరి చిరాకు. ఆ తర్వాత అది ఒక అతిక్రమణ. కొలత వచ్చిన ప్రతిసారీ బలహీనుడి మాటకు కొంత బలం వచ్చింది. ఆ కొలత ఇంకా వీధిలోనే నిలబడి ఉంది. హక్కు ఉన్నది గదిలోని మనిషికి కాబట్టి అది గుమ్మం దాటి లోపలికి రావాలి.

నా సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఇప్పుడు వార్తలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాను. ప్లైవుడ్ అడ్డానికి నా వైపు పాత బొంత ఒకటి మేకులు కొట్టి వేలాడదీశాను. అది ప్రతినాదాన్ని తగ్గిస్తుంది గానీ, శబ్దం అవతలికి పోకుండా పెద్దగా ఆపదని చదివి తెలుసుకున్నదే. ఆపాలంటే బరువైన గోడ కావాలి. అయినా పక్కగది మిత్రుడు తట్టడం మానేశాడు. మొన్న అతనూ ఒక బొంత అడిగి తీసుకెళ్లాడు.

ప్రిలిమ్స్ కోసం గుర్తుంచుకోవలసినవి

- శబ్ద నియమాలు: 2000, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద.
- నిశ్శబ్ద మండలం: ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్లు. పగలు 50, రాత్రి 40.
- వాయు చట్టంలో శబ్దం చేరిన సవరణ: 1987.
- సుప్రీంకోర్టు తీర్పు: 2005 జులై 18, అధికరణలు 21, 19(1)(ఎ).
- ప్రతినాద కాలం: ధ్వని 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలం.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు)

"భారతదేశంలో ప్రశాంతంగా జీవించే హక్కును న్యాయస్థానాలు గుర్తించినా, దాన్ని కొలిచే విధానం ఆ హక్కుకు తగినట్టు ఎదగలేదు." శబ్ద కాలుష్య నియమాలు, సుప్రీంకోర్టు తీర్పుల వెలుగులో చర్చించండి.

జవాబు రాసి, రాసేటప్పుడు మీ గదిలో ఏమేం శబ్దాలు వినిపించాయో కింద ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యమే మీ జవాబుకు మంచి ఉపోద్ఘాతం కావచ్చు.